నెపం గాలి మీద, నేరం ఉడుత మీద

శ్రీకాకుళం జిల్లాలో కరెంటు తీగ తెగినప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది. "గాలొచ్చినాది, తీగ తెగిపోనాది. ఏటి సేస్తాం?" అరసవల్లి మిల్లు జంక్షన్ దగ్గర టీ తాగేవాళ్లూ ఇదే అంటారు, ఆఫీసు కుర్చీల్లో ఉన్నవాళ్లూ ఇదే అంటారు. ప్రమాదం జరిగిన మర్నాడు పేపర్లో వచ్చే వివరణలో ఇదే మాట కాస్త పెద్దమనిషి తెలుగులో కనిపిస్తుంది: ప్రకృతి వైపరీత్యం, అనుకోని సంఘటన, సాంకేతిక లోపం.

ఈ వాదాన్ని దాని బలంతో సహా ముందు చెప్పుకుందాం. ఇది తుఫాన్ల జిల్లా. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. గులాబ్ అయితే కళింగపట్నానికి దగ్గర్లోనే తీరం దాటింది. తిత్లీ దెబ్బకు ఉద్దానంలో వేల స్తంభాలు నేలకూలితే, పక్క జిల్లాల నుంచి కూడా లైన్‌మన్లు వచ్చి, వానలో, బురదలో, పడిన కొబ్బరిచెట్ల మధ్య లైన్లు నిలబెట్టారు. ఆ కష్టాన్ని కళ్లారా చూసిన జనం "పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి తోడు సిబ్బంది తక్కువ, స్తంభాలు లక్షల్లో ఉన్నాయి. ప్రతి స్తంభం దగ్గరికీ ఏటా మనిషి వెళ్లి చూడటం అయ్యే పని కాదు, ఫిర్యాదు వస్తే వెళ్లి బాగు చేస్తున్నారు, అంతకంటే ఏం కావాలి? పైగా ఫోను తీగల్లో, కేబుల్ తీగల్లో కరెంటే ఉండదు, వాటి గురించి గోలెందుకు? జనం కూడా తీగల కింద ఇళ్లు కట్టేస్తున్నారు. ఎలాగూ రేపో మాపో అంతా భూమిలోకి పోతుంది. వాదం మొత్తం ఇదే.

విడివిడిగా చూస్తే ఇందులో కొన్ని నిజాలున్నాయి. అన్నీ కలిపి "కాబట్టి ముందుగా తనిఖీ చేసి ఒరిగేదేం లేదు" అని తేల్చినప్పుడే అబద్ధం అవుతుంది. ఒక్కొక్కటిగా విప్పుదాం.

1. గాలి వీధి మొత్తానికీ ఒకటే

ఒక వీధిలో పది స్తంభాలున్నాయి. పదింటి మీదా ఒకే గాలి వీచింది. తొమ్మిది నిలబడ్డాయి, ఒకటి పడింది. పడినదానికి గాలే కారణమైతే మిగతా తొమ్మిదీ ఎందుకు నిలబడ్డాయి? ఈ ప్రశ్నకు "గాలొచ్చినాది" అన్నది జవాబు కాదు. పడిన స్తంభంలో గాలికి ముందే ఏదో ఉంది. దాన్ని వెతకడానికే తనిఖీ.

ఏముంటుందో చూద్దాం. పాత టెలిఫోన్ ఇనప స్తంభాన్ని తీసుకోండి. తుప్పు దాన్ని తినేది నేలను తాకే చోట, మట్టీ గాలీ తడీ కలిసే ఆ జానెడు మేర. పైనుంచి చూస్తే వెండి రంగు పూసి నిక్షేపంగా ఉంటుంది. మొదలు దగ్గర మట్టి కాస్త పక్కకు తీసి చూస్తే రంగు బుడగలుగా ఉబ్బి ఉంటుంది. గోరుతో గీకితే రేకులు రేకులుగా రాలుతుంది. చిన్న సుత్తితో పైన ఓసారి, కింద ఓసారి కొడితే చప్పుడులోనే తేడా తెలిసిపోతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన తీరంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

సిమెంటు స్తంభం సంగతి వేరు. దాని లోపల బిగదీసిన ఉక్కు తీగలుంటాయి, ఆ బిగువే దాని బలం. బండి గుద్దో, దించేటప్పుడు పడేసో, ఎక్కడో వెంట్రుకవాసి పగులు వస్తుంది. అందులోంచి ఉప్పుతేమ లోపలికి దిగి ఉక్కును తాకుతుంది. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును పెచ్చులుగా తోసేస్తుంది. సన్నని నిలువు గీత స్థాయి నుంచి చువ్వ బయటపడే స్థాయికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ అది రోడ్డు పక్కన పట్టపగలు అందరి కళ్ల ముందే ఉంటుంది.

ఇక పాతిన లోతు. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలన్నది లైన్ వేసేవాళ్లకు మొదట నేర్పే లెక్క. ఎనిమిది మీటర్ల స్తంభం అయితే మీటరూ మూడో వంతు లోపలికి వెళ్లాలి. పాతినవాళ్లు లెక్క ప్రకారమే పాతి ఉండొచ్చు. తర్వాత కాలువ పనివాళ్లు వచ్చి పక్కనే తవ్వుతారు. మంచినీళ్ల పైపు వాళ్లు రెండో పక్క తవ్వుతారు. గుంత పూడ్చేటప్పుడు మట్టిని దిమ్మిస కొట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. స్తంభం అదే, తీగ అదే, కాళ్ల కింద నేల మాత్రం పోయింది. ఆషాఢంలో వచ్చే మామూలు ఈదురుగాలికి అది ఒరిగితే నేరం గాలిదా?

తీగ కథా ఇంతే. మన ఊళ్లలో మామూలుగా వాడే ఏసీఎస్ఆర్ తీగలో నడుమ ఒక ఉక్కు పోగు, చుట్టూ ఆరు అల్యూమినియం పోగులు ఉంటాయి. గాలికి తీగ రోజూ సన్నగా వణుకుతూనే ఉంటుంది. పింగాణీ ఇన్సులేటర్ దగ్గర కట్టు కట్టినచోట ఆ వణుకు వచ్చి ఆగుతుంది. అక్కడే ఒక పోగు తెగుతుంది, తర్వాత ఇంకొకటి. మిగిలిన పోగుల మీద కరెంటు భారం పెరిగి, వేడెక్కి, మెత్తబడతాయి. చివరి పోగు తెగిన రోజున గాలి వీస్తూ ఉండవచ్చు. మొదటి పోగు తెగిన రోజున మాత్రం మనం ఏ తుఫానూ చూసి ఉండం.

తిత్లీ లాంటి గాలికి గట్టి స్తంభాలూ పడతాయి, ఒప్పుకుంటాను. అయితే గాలి మనకు కొత్త చుట్టం కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విశాఖపట్నం దగ్గర లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ తీరంలో గాలి వస్తుందని పుస్తకంలో రాసి పెట్టుకుని, వచ్చాక "అనుకోలేదు" అనడం కుదరదు. పైగా తుఫాను రోజున జనం ఇళ్లలో ఉంటారు, సరఫరా ముందే ఆపేస్తారు. మనుషులు పోయేది చాలాసార్లు ఏ తుఫానూ లేని మామూలు రోజుల్లోనే.

అమెరికాలోనూ ఈ గాలి వాదం నడవలేదు. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు దగ్ధమై 85 మంది పోయారు. ఆ రోజు గాలి భీకరంగానే ఉంది. తీరా కారణం వెతికితే దొరికింది, టవరు మీద తీగను పట్టి ఉంచే ఒక ఇనప కొక్కెం. దాదాపు వందేళ్లుగా రాపిడికి అరిగి అరిగి, ఆ ఉదయం తెగిపోయింది. లైను యజమాని అయిన పీజీ అండ్ ఈ సంస్థ 2020లో 84 మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది.

2. ఉడుత చేసిన పాపం

గాలి లేని రోజున తీగ తెగితే ఏం చెప్పాలి? దానికి మన రాష్ట్రంలోనే ఒక జవాబు పుట్టింది. 2022 జూన్ 30న శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర, పొలం పనికి ఆటోలో పోతున్న కూలీల మీద 11 కేవీ తీగ తెగిపడింది. అయిదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. విద్యుత్ అధికారులు అదే రోజు కారణం చెప్పేశారు: ఉడుత. స్తంభం మీంచి తీగ మీదికి ఉడుత దూకింది, షార్ట్ సర్క్యూట్ అయింది, తీగ తెగింది. నాలుగు నెలలు తిరిగాయో లేదో, నవంబరు 2న అనంతపురం జిల్లా దర్గాహొన్నూరులో ట్రాక్టర్ మీద తీగ తెగిపడి మరో నలుగురు కూలీ ఆడవాళ్లు పోయారు.

ఉడుత వాదాన్ని ఎగతాళి చేసి వదిలేయడం తేలిక. నేను దాన్ని నిజమనే ఒప్పుకుని అడుగుతాను. ఉడుత దూకింది. దూకితే తీగకూ స్తంభం మీది ఇనుముకూ మధ్య ఒక్క క్షణం మెరుపు పుడుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకరు వెంటనే ట్రిప్ అయితే ఉడుత ఒక్కటే పోతుంది. మెరుపు నిలిచిపోతేనే అల్యూమినియం కరుగుతుంది. బ్రేకరు ఎందుకు ఆలస్యం చేసింది? సరే, తీగ తెగింది. తెగి నేల మీద పడిన తర్వాత కూడా అందులో కరెంటు ఎందుకుంది? ఉడుత చచ్చిపోయాక జరిగిన ప్రతి పనికీ మనుషులే జవాబుదారులు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది, ఎందుకంటే "తీగ కిందపడితే కరెంటు దానంతటదే పోతుంది" అని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. పోదు. ఎండిన నేల మీదో తారు రోడ్డు మీదో పడిన తీగ నుంచి భూమిలోకి పారే కరెంటు చాలా తక్కువ. సబ్‌స్టేషన్‌లోని రిలే కంటికి అది ఎక్కడో నాలుగు మోటార్లు వేసినంత మామూలు లోడుగానే కనబడుతుంది. అది ట్రిప్ చేయదు. మనిషిని చంపడానికి మాత్రం అంతకంటే ఎంతో తక్కువ కరెంటు చాలు. ఈ ప్రమాదాన్ని తగ్గించాలంటే స్తంభం మీది అడ్డ ఇనుముకు (క్రాస్ ఆర్మ్) సరైన ఎర్తు ఉండాలి, ఆ ఎర్తు గుంతలో తడి ఉండాలి, ఎర్త్ ఫాల్ట్ రిలేను సున్నితంగా అమర్చి దాన్ని ఎప్పటికప్పుడు పరీక్షించాలి, రోడ్డు దాటేచోట తీగ తెగినా కిందికి రాకుండా కింద గార్డు తీగలు కట్టాలి. వీటిలో ఒక్కటైనా ఫిర్యాదు వస్తే చేసే పని కాదు. ఎర్తు గుంత ఎండిపోయిందని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేసే వినియోగదారుడు పుట్టలేదు.

చట్టం కూడా ఉడుత దగ్గర ఆగలేదు. 2002లో సుప్రీంకోర్టు ముందుకు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వర్సెస్ శైల్ కుమారి కేసు వచ్చింది. వాన రాత్రి ఫ్యాక్టరీ పని ముగించుకుని సైకిల్ మీద ఇంటికి పోతున్న కార్మికుడు, రోడ్డు మీది నీళ్లలో పడి ఉన్న కరెంటు తీగ తగిలి పోయాడు. బోర్డు ఏం చెప్పింది? ఆ తీగ మాది కాదు, ఎవరో దొంగతనంగా కరెంటు లాగిన తీగ అని. కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన వస్తువుతో వ్యాపారం చేసేవాళ్లు, అది తప్పించుకుని ఎవరికి హాని చేసినా బాధ్యులే, మూడో మనిషి చేశాడన్నది సాకు కాదు, అలాంటిదాన్ని ముందే ఊహించి అడ్డుకోవడం బోర్డు పని అంది. మూడో మనిషి చేసిందే సాకు కానప్పుడు ఉడుత చేసింది ఎలా అవుతుంది? స్తంభాలున్నచోటల్లా ఉడుతలు, కాకులు, పాములు ఉంటాయి. వాటిని లెక్కలో వేసుకోని లైను అసలు లైనే కాదు.

3. "ఫిర్యాదు వస్తే చూస్తున్నాం కదా"

ఈ మాట వినడానికి బాధ్యతగానే ఉంటుంది. లోపం ఎక్కడుందంటే, జనం ఫిర్యాదు చేసేది కరెంటు పోయినప్పుడు. ప్రమాదం పొంచి ఉన్నప్పుడు కరెంటు పోదు, శుభ్రంగా వెలుగుతూనే ఉంటుంది. పింగాణీలో పగులు వచ్చి స్తంభంలోకి కరెంటు దిగుతున్నా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది. స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే స్టే వైరు మధ్యలో ఉండాల్సిన గుడ్డు ఆకారపు పింగాణీ పగిలిపోయినా టీవీ వస్తుంది. ఆ స్టే వైరుకు మేకను కట్టేసే ముసలమ్మకు అది కరెంటు స్తంభంలో భాగమని కూడా తెలియదు. పల్లెల్లో తొలకరి వానకు మొదటి ఫిర్యాదు చేసేది గేదె. అది చచ్చిపోతే అప్పుడు స్తంభం దగ్గరికి మనిషి వస్తాడు.

సిబ్బంది తక్కువన్నది నిజం. ఒక్కో లైన్‌మన్ నెత్తిన ఉన్న బిల్లుల వసూళ్లు, కొత్త కనెక్షన్లు, మీటర్ల పని అన్నీ చూస్తే లైను వెంట నడిచి చూసే తీరిక అతనికి ఎక్కడిదని నేనూ అడుగుతాను. కానీ ఈ వాదం తనిఖీకి వ్యతిరేకంగా కాదు, తనిఖీ వైపే నిలబడుతుంది. మనుషులు కొద్దిమందే ఉన్నప్పుడు ముందుగా చూసుకోవడమే చవక. అర్ధరాత్రి వానలో తెగిన లైనుకు నలుగురు పరుగెత్తడం, చీకట్లో లైను ఆపినట్టు అనుమతి (ఎల్‌సీ) సరిగా తీసుకోకుండానే స్తంభం ఎక్కడం, పక్కింటి జనరేటరు నుంచి వెనక్కి వచ్చిన కరెంటుకు ఆ ఎక్కినవాడే బలైపోవడం, ఇవన్నీ ఫిర్యాదు పద్ధతికి మనం కడుతున్న ధరలు. ఆ ధర కట్టేది చాలాసార్లు కాంట్రాక్టు కుర్రాడు.

"ప్రతి స్తంభాన్నీ చూడటం అయ్యే పని కాదు" అన్నవాళ్లు ఒక్కసారి విజయనగరం వెళ్లండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు ఆ పొడవాటి మాను మీద పూజారిని కూర్చోబెట్టి మూడులాంతర్ల నుంచి కోట దాకా తిప్పుతారు. దారిలో తీగల సంగతి తేల్చకుండా మానును ఎవరైనా కదుపుతారా? అరసవల్లిలో రథసప్తమీ అంతే. 2025లో దాన్ని రాష్ట్ర పండుగ చేశాక ఏర్పాట్లు ఇంకా పెరిగాయి. పండుగ దగ్గర పడేసరికి గుడి చుట్టూ లైట్లు, బారికేడ్లు, తాత్కాలిక లైన్లు, వాటిని చూసుకునే మనుషులు అందరూ దిగిపోతారు. మంత్రులు నడిచే దారిలో తనిఖీ సాధ్యమే, భక్తులు క్యూ కట్టే దారిలో సాధ్యమే. పండుగ వెళ్లాక మిగిలిన పదకొండు నెలలూ అదే దారిలో బడికి పోయే పిల్లల కోసం మాత్రం అసాధ్యమా? చేయలేకపోవడం వేరు, చేయనవసరం లేదనుకోవడం వేరు.

తనిఖీ అంటే హెలికాప్టర్లు రానక్కర్లేదు. ఎండాకాలం పోకముందే ఒక మనిషి లైను వెంట నడవాలి. చేతిలో సుత్తి, ఒక కొలకర్ర, మెడలో దుర్భిణి, జేబులో ఫోను. మొదలు దగ్గర మట్టి తీసి చూడాలి, ఒరిగిందేమో చూడాలి, పింగాణీలు, కట్లు, జంపర్లు, స్టే వైరు చూడాలి, కొమ్మలు ఎంత దగ్గరగా వచ్చాయో చూడాలి, ఫొటో తీసి స్తంభం నంబరు వేసి రాయాలి. ఎర్తు కొలిచేది మాత్రం నేల ఎండి ఉన్నప్పుడే కొలవాలి, వానాకాలంలో కొలిస్తే ప్రతి ఎర్తూ పాసవుతుంది.

ఎంత కాలానికి ఒకసారి అన్నది కూడా ప్రాణాల లెక్కే. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న కిల్మోర్ ఈస్ట్ దగ్గర ఒక పాత తీగ తెగి మంటలు లేచాయి, 119 మంది పోయారు. అది భయంకరమైన ఎండ, గాలి ఉన్న రోజు. విచారణ జరిపిన రాయల్ కమిషన్ గాలి దగ్గర ఆగకుండా తీగ చివర దాకా వెళ్లి, అమరిక సరిగా కూర్చోక తీగ పోగులు అలసి తెగాయని తేల్చింది. అక్కడ తనిఖీ అయిదేళ్లకోసారి ఉండేది. అగ్ని ప్రమాదం ఎక్కువున్న ప్రాంతాల్లో దాన్ని మూడేళ్లకు తగ్గించమంది. వాళ్లు అయిదా మూడా అని తగువులాడుకున్నారు. మన వీధి చివరి స్తంభాన్ని కిందటిసారి ఎప్పుడు చూశారని అడిగితే చెప్పడానికి కాగితం ఉండాలి కదా, ఆ మాటే ఎవరూ ఎత్తరు.

4. కరెంటు లేని తీగ

ఫోను తీగలో ప్రమాదకరమైన కరెంటు ఉండదన్నది నిజం. పాత ల్యాండ్‌లైన్‌లో ఉండేది 48 వోల్టులు, గంట మోగేటప్పుడు అంతకంటే ఎక్కువ. ఫైబర్‌లో అయితే పారేది వెలుతురే. ఇంతవరకు వాదం సరైనదే. కానీ గాలిలో వేలాడే కేబుల్‌ను మోసేది ఫైబర్ కాదు, దానితో పాటు చాలాచోట్ల ఉండే ఉక్కు తీగ. అది పైనున్న విద్యుత్ తీగకు తగిలిందంటే వీధి పొడవునా కరెంటు మోసుకుపోతుంది. అసలు కరెంటు తీగ దగ్గరకైతే ఎవరూ పోరు. కేబుల్ తీగను మాత్రం అందరూ చేత్తో పక్కకు తోస్తారు, బండి వెళ్లడానికి కర్రతో ఎత్తుతారు, దాని మీద బట్టలు కూడా ఆరేస్తారు. దానికున్న ఆ మంచిపేరే దాని ప్రమాదం.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు పోయినప్పుడు అధికారుల వేలు వేలాడుతున్న కేబుల్ మీదికే పోయింది. ఆ తర్వాత నగరమంతా కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు, ఇంటర్నెట్ పోయిందని గోల లేచింది, వివాదం హైకోర్టుకెక్కింది. అయిదుగురు పోయేదాకా అవి స్తంభాల మీద ఎవరి అనుమతితో ఉన్నాయో, ఎవరు చూసుకుంటున్నారో అడిగినవాళ్లు లేరు. అడగకపోవడం ఒక తప్పు, తర్వాత కత్తెర పట్టుకుని విచక్షణ లేకుండా కోసేయడం రెండో తప్పు. రెండింటికీ మూలం ఒకటే, స్తంభం మీద ఏ తీగ ఎవరిదో తెలిపే జాబితా లేకపోవడం.

మన రాష్ట్రంలో ఈ జాబితా అవసరం ఇంకా ఎక్కువ. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇవ్వగలిగిందంటే, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదనే వేల కిలోమీటర్ల ఫైబర్ లాగడం దానికి పెద్ద కారణం. మంచి ఆలోచనే. 2022లో కేంద్రం కూడా రైట్ ఆఫ్ వే నిబంధనలు సవరించి వీధి స్తంభాల మీద టెలికాం తీగలకు దారి సుగమం చేసింది. స్తంభాన్ని పంచుకోమన్నారు బాగానే ఉంది, స్తంభం భారాన్ని ఎవరు లెక్క కడుతున్నారు? నాలుగు కరెంటు తీగలకు లెక్క వేసిన స్తంభం మీద డజను కేబుళ్లు, చుట్టలు చుట్టిన మిగులు తీగ, ఇనప పెట్టెలు వచ్చి కూర్చున్నాక గాలి పట్టే వైశాల్యం ఎంత పెరిగిందో ఎవరు కొలిచారు? లైన్‌మన్ ఆ గూడు దాటుకుని పైకి ఎక్కాలంటే నడుం బెల్టు ఎక్కడ తగిలించుకుంటాడు?

ఇక పాత టెలిఫోన్ స్తంభాలు. 2020 జనవరి 31న ఒకే రోజు 78 వేల మందికి పైగా బీఎస్‌ఎన్‌ఎల్ ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు, సంస్థలో దాదాపు సగం మంది. స్తంభాలు ఎక్కే మనుషులు అలా ఇంటికి వెళ్లారు. స్తంభాలు మాత్రం విరమణ చేయలేదు. ల్యాండ్‌లైన్లు పోయాక వాటి మీద తీగ ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టదు, కాబట్టి ఫిర్యాదు రావడానికి దారే లేదు. తెగిన తీగ చుట్టుకుని, మొదలు తుప్పు తినిపోయి, కరెంటు లైను పక్కనే నిలబడి ఉంటాయి. అలాంటి స్తంభం ఒరిగితే ఒరిగేది ఆ లైను మీదికే. వాడుకలో లేని స్తంభాన్ని పీకేయడం కూడా నిర్వహణలో భాగమే. దానికి ఖర్చు చూపించే పద్దు ఏ ఆఫీసులోనూ కనిపించదు.

5. జనానిదే తప్పట

తీగ కింద మేడ కట్టేవాళ్లున్నారు, కొక్కేలు వేసి కరెంటు లాగేవాళ్లున్నారు, స్తంభానికి ఫ్లెక్సీ కట్టేవాళ్లున్నారు. నిబంధన స్పష్టంగానే ఉంది. ఇంటి పక్కగా పోయే మామూలు లైను గోడకు 1.2 మీటర్ల దూరంలో, పైగా పోయేది కప్పు మీద 2.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. దాన్ని మీరి కట్టినవాడిది తప్పే. ఆ ఇంటికి ప్లాన్ ఇచ్చిన కార్పొరేషను, మీటరు బిగించిన విద్యుత్ సంస్థ కళ్లు మూసుకున్నాయా అన్నది కూడా అడగాలి.

కానీ జనం ఏ తప్పూ చేయకుండానే తీగ వాళ్ల నెత్తి మీదికి వస్తుంది. రోడ్డు దాటే లైను కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి, 11 కేవీ అయితే 6.1. వేసిన రోజున ఉంటుంది. తర్వాత రోడ్డు మీద తారు పొర పడుతుంది, దాని మీద మరొకటి, ఆపైన సిమెంటు రోడ్డు. పాత పొర గీకకుండానే కొత్తది వేస్తారు. రోడ్డు జానెడు, మూరెడు లేస్తుంది, తీగ ఎండకు సాగి కిందికి దిగుతుంది. ఇళ్ల గుమ్మాలు రోడ్డు కంటే పల్లంలోకి పోయాయని గగ్గోలు పెట్టేవాళ్లకు పైన తీగ దగ్గరైందన్న స్పృహ ఉండదు. 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కళిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి పదకొండు మంది పోయినప్పుడు రోడ్డు ఎత్తు పెంచిన మాట అక్కడా వినిపించింది. ఏటా తిరిగే దారే, ఏటా తిరిగే రథమే. మారింది నేల. కొలకర్ర పట్టుకుని కొలిచే మనిషి లేకపోతే ఆ మార్పు ఎవరికి తెలుస్తుంది? ఊరేగింపు కుర్రాళ్లు మీటర్లు లెక్కపెట్టుకుంటూ రథం లాగాలా?

6. భూగర్భం అనే వాయిదా

హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్లు వేశారు. పెద్ద నగరానికి, తీరానికి అది అవసరమే. కానీ దాన్ని చూపించి "అన్నిచోట్లా అదే వస్తుంది, ఈలోపు పాతవాటి మీద ఖర్చెందుకు" అనడం మోసం. ఉద్దానం తోటల్లో, వంశధార, నాగావళి ఆయకట్టు పొలాల్లో, ఏజెన్సీ కొండల మీద భూగర్భ కేబుల్ ఎప్పటికి వస్తుంది? వచ్చినచోట కూడా తనిఖీ తప్పదు. తలుపు ఊడిన ఫీడరు పెట్టె చిన్నపిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది, వాననీరు అందులోకి పోతుంది, భూమిలోని జాయింటు కంటికి కనబడదు. పైనున్న తీగను చూసుకోలేని సంస్థ కనబడని తీగను చూసుకుంటుందని నమ్మమంటున్నారు.

7. ఏం కావాలి

అరసవల్లితోనే మొదలుపెట్టండి. మిల్లు జంక్షన్ నుంచి గుడి దాకా ప్రతి స్తంభానికీ, అది విద్యుత్ సంస్థదైనా బీఎస్‌ఎన్‌ఎల్‌దైనా కార్పొరేషన్ వీధిదీపానిదైనా, కనబడేలా ఒక నంబరు రాయండి. నంబరు కింద కిందటిసారి తనిఖీ చేసిన నెల, సంవత్సరం రాయండి. గ్యాస్ సిలిండరు మీద తేదీ రాస్తారు, లారీకి ఫిట్‌నెస్ తేదీ ఉంటుంది. వేల మంది నెత్తి మీద నిలబడిన స్తంభానికి ఎందుకుండదు? స్తంభం మీద ఎవరెవరి తీగలున్నాయో కార్పొరేషన్‌లో జాబితా ఉండాలి. పేరు చెప్పుకోని తీగకు నెల గడువిచ్చి, తర్వాత దించేయాలి. స్తంభాన్ని వాడుకుంటున్న ప్రతి కేబుల్ సంస్థా అద్దెతో పాటు తనిఖీ ఖర్చులో వాటా కట్టాలి. కాలువ కోసం స్తంభం పక్కన తవ్వే కాంట్రాక్టరుకు, విద్యుత్ సంస్థ ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టాకే బిల్లు పాస్ కావాలి. రోడ్డు ఎత్తు పెంచిన ప్రతిసారీ దాటే తీగల ఎత్తు కొలిచి రాయాలి.

ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం విచారణ జరగాలి. విచారణకు వచ్చే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వేయాల్సిన మొదటి ప్రశ్న "ఆ రోజు గాలి ఎంత" అన్నది కాకూడదు. "ఈ స్తంభం తనిఖీ కాగితం ఏది, దాని మీద సంతకం ఎవరిది" అని అడగాలి. కాగితం లేకపోతే, అది లేకపోవడమే కారణంగా నివేదికలో రాయాలి. ఆ నివేదిక చనిపోయినవాళ్ల ఇంటికి తెలుగులో చేరాలి. ఇవేవీ చేయకుండా ఎక్స్‌గ్రేషియా చెక్కుతో గుమ్మంలోకి వచ్చే అధికారిని "గాలి కథ తర్వాత చెబుదురు గాని, ముందు కాగితం చూపించండి" అని అడిగే హక్కు ఆ ఇంటివాళ్లకుంది.